సార్జెంట్ పెప్పరా, సూపర్ మారియోనా: తర్వాతి వాళ్లను ఎక్కువ మార్చింది ఏది?

పాతరికార్డు | శనివారం, రాత్రి 9:12

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా బాబాయి కొడుక్కీ నాకూ మొదలైన వాదన ఇది. తిరుగు ప్రయాణంలో రైల్లో కూడా నడిచింది, అయినా తేలలేదు. అందుకే ఇక్కడికి తెచ్చాను.

సంగీతం నుంచి ఒకటి, వీడియో గేముల నుంచి ఒకటి తీసుకుందాం. ‘ఇది వచ్చాక ఆ రంగంలో పని చేసే పద్ధతే మారిపోయింది’ అని చెప్పగలిగినవి అయ్యుండాలి. ఆ రెండిట్లో ఏది ఎక్కువ మార్చింది? ఎన్ని కాపీలు అమ్ముడుపోయాయి, మనకు ఏది ఇష్టం అన్నవి పక్కన పెడదాం.

నా వైపు నుంచి ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ ఆల్బమ్ ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’, 1967. వీళ్ల మొదటి ఎల్పీ కోసం 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు. అదే మనుషులు నాలుగేళ్ల తర్వాత ఈ ఒక్క ఆల్బమ్ మీద దాదాపు ఐదు నెలలు, సుమారు 700 గంటలు కూర్చున్నారు. మధ్యలో జరిగిందేమిటంటే, 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో క్యాండిల్‌స్టిక్ పార్కు కచేరీతో టూర్లు మానేశారు. జనం అరుపుల్లో తాము వాయించేది తమకే వినపడని పరిస్థితి. ఇక స్టేజీ మీద వాయించి చూపించాల్సిన అవసరం లేదు కాబట్టి, స్టూడియోలో మాత్రమే పుట్టగల సంగీతం చేయడానికి పూనుకున్నారు. అప్పటిదాకా రికార్డు అంటే జరిగిన పాటకు పట్టిన ఫోటో లాంటిది. వీళ్లు దాన్ని ఫోటో నుంచి పెయింటింగ్‌గా మార్చారు.

పాటకీ పాటకీ మధ్య మామూలుగా ఉండే ఖాళీ తీసేశారు. అట్ట వెనక సాహిత్యం మొత్తం అచ్చేశారు. ఎల్పీని మొదటి నుంచి చివరిదాకా ఒకే పనిగా వినాలని దానర్థం. 1968లో ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ దీనికే వచ్చింది, ఒక రాక్ ఆల్బమ్‌కి అది రావడం అదే మొదలు.

మా తమ్ముడు మారియో అంటాడు. వాడూ ఇక్కడ సభ్యుడే, వచ్చి చెప్పుకుంటాడు.

వన్‌డాష్‌వన్ | శనివారం, రాత్రి 10:05

వచ్చాను అన్నయ్యా.

‘సూపర్ మారియో బ్రదర్స్’ 1985 సెప్టెంబర్ 13న జపాన్‌లో వచ్చింది. షిగెరు మియమోటో, తకాషి తెజుకా దాని రూపకర్తలు. మొత్తం గేమ్ 40 కిలోబైట్లు. ఇప్పుడు ఫోన్‌తో తీసే ఒక ఫోటో దానికి పదుల రెట్లు ఉంటుంది. అంత చోటులో 8 ప్రపంచాలు, ఒక్కో దాంట్లో 4 స్టేజీలు, మొత్తం 32.

నేను మాట్లాడాలనుకున్నది మొదటి స్టేజీ గురించి, ఆటలో దాని పేరు 1-1. నా పేరు కూడా దాన్నుంచే పెట్టుకున్నాను. గేమ్ మొదలవగానే మారియో తెర ఎడమ పక్కన ఉంటాడు, కుడి పక్కంతా ఖాళీ. కాబట్టి కుడికే నడుస్తాం. ఎదురుగా ఒక గోంబా, అంటే పుట్టగొడుగులా ఉండే శత్రువు, మెల్లగా వస్తుంది. దాన్ని తాకితే చచ్చిపోతాం, కానీ అప్పటికి ఆడింది నాలుగు సెకన్లే కాబట్టి బాధ లేదు, మళ్లీ మొదలుపెడతాం. ఈసారి ఎగురుతాం. ఎగిరితే పైనున్న ప్రశ్నార్థకం పెట్టెకి తల తగులుతుంది, నాణెం వస్తుంది. ఇంకో పెట్టెని కొడితే పుట్టగొడుగు వస్తుంది. చూడ్డానికి అది గోంబాకి చుట్టంలా ఉంటుంది, కాబట్టి భయపడి తప్పించుకుందామనుకుంటాం. అది కుడికి జారిపోయి, పైపుకి తగిలి, మన వైపే తిరిగి వస్తుంది. పైన పెట్టెలు అడ్డం, ఎగరడానికి చోటు చాలదు. తగులుతుంది. మారియో పెద్దవాడవుతాడు. ఒక్క అక్షరం చదవకుండా పుట్టగొడుగు మంచిదని తెలిసిపోయింది.

ఇంకొంచెం ముందుకెళ్తే రెండు మెట్ల వరసలు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో నేల. జారిపడినా ఏమీ కాదు. దాని తర్వాత మళ్లీ అవే మెట్లు, ఈసారి మధ్యలో గొయ్యి. ముందు ప్రమాదం లేకుండా నేర్పించి, తర్వాత పరీక్ష పెట్టారు. ఇంత బాగా పాఠం చెప్పిన మాస్టారు నాకు బళ్లో దొరకలేదు, మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఈ మొదటి స్టేజీని మొదట చేయలేదు. మిగతావి చాలావరకు అయ్యాక, ఆటలో ఏముందో తమకు పూర్తిగా తెలిశాక చేశారు. ఈరోజు ఏ గేమ్ తెరిచినా మొదటి ఐదు నిమిషాలు ఇలాగే ఉంటాయి. అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో చేసేవాళ్లకే గుర్తుండదు. అంతగా కలిసిపోయింది.

చిత్రకూటం | శనివారం, రాత్రి 10:31

రెండు పోస్టులూ బాగున్నాయి. కానీ రెండిట్లో వినపడని ఒక ధ్వని ఉంది, ‘మొట్టమొదట’ అని. చర్చ అటు వెళ్లకముందే చెప్తున్నాను. ఒకే భావం చుట్టూ అల్లిన ఆల్బమ్ పెప్పర్‌తో మొదలవలేదు. ఫ్రాంక్ సినాట్రా 1955లోనే ఆ పని చేశాడు. పెప్పర్‌లో కూడా ఆ ‘బ్యాండ్’ కథ మొదటి రెండు పాటల్లో ఉంటుంది, చివర్లో ఒకసారి తొంగి చూస్తుంది, అంతే. తన పాటలకు ఆ ఆలోచనతో సంబంధం లేదని జాన్ లెనన్ తర్వాత చెప్పాడు. అలాగే తెర పక్కకి జరుగుతూ పోయే ఎగిరే ఆట మారియోతో పుట్టలేదు. నామ్కో వాళ్ల ‘ప్యాక్-ల్యాండ్’ 1984లోదే.

మొదట చేసినవాళ్లు వేరు, తర్వాతి వాళ్లకు దారి అయినవాళ్లు వేరు. రెండో దాని గురించే మాట్లాడుకుంటే మంచిది.

స్వరజతి | ఆదివారం, ఉదయం 6:50

నేను విజయవాడలో పిల్లలకు కర్ణాటక సంగీతం చెప్తాను. పాప్ సంగీతం గురించి మాట్లాడే అర్హత ఎంతుందో గానీ, పెప్పర్‌లో ఒక పాట గురించి మాత్రం చెప్పాలి.

రెండో వైపు మొదటి పాట, జార్జ్ హారిసన్‌ది, ‘విదిన్ యూ వితౌట్ యూ’. అందులో మిగతా ముగ్గురు బీటిల్స్ లేరు. లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ కళాకారులు దిల్రుబా, తబలా, స్వరమండల్, తంబురా వాయించారు. 1966 సెప్టెంబర్‌లో హారిసన్ మన దేశం వచ్చి రవిశంకర్ గారి దగ్గర సితార్ నేర్చుకుని వెళ్లాడు. ఆ తర్వాత చేసిన పాట ఇది. హిందుస్తానీ వాళ్లు దాని స్వరాలను ఖమాజ్ థాట్ అంటారు, మనకు హరికాంభోజి. మధ్యలో పాడటం ఆగి వాద్యాల భాగం వస్తుంది, అక్కడ తాళం పది మాత్రలకు మారుతుంది. ఐదు మాత్రల ఖండచాపు అలవాటున్న పిల్లలు వెంటనే చెయ్యి కలుపుతారు. నా క్లాసులో వినిపించి చూశాను, ఎవరూ చెప్పకుండానే ఇద్దరు తాళం వేశారు.

దాని మీద బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ వయొలిన్లు, సెల్లోలు చేర్చాడు. పాశ్చాత్య వాద్యకారులకు దిల్రుబా జారుడుని అనుసరించడం ఎంత కష్టమో నాకు తెలుసు. గమకం స్వరాల్లో రాసిస్తే రాదు. వాళ్లు ప్రయత్నించారు, చాలావరకు అందుకున్నారు. సితార్‌ని రంగు కోసం అద్దిన పాటలు ఆ రోజుల్లో చాలా వచ్చాయి. ఇది అలాంటిది కాదు. మన సంగీతం లోపలి కట్టడాన్ని తీసుకున్న పాట.

మారియో గురించి నాకు తెలిసింది మా అబ్బాయి ఆడుతుంటే వంటింట్లోంచి విన్నది. ఒకటి మాత్రం అడగాలి. గంటసేపు అదే పాట తిరిగి తిరిగి వచ్చినా నాకు విసుగు రాలేదు. ఎందుకని?

బిట్లూబైట్లూ | ఆదివారం, ఉదయం 11:20

స్వరజతి గారూ, మీ ప్రశ్న నాకు పండగ లాంటిది. హైదరాబాద్‌లో గేముల కంపెనీలో శబ్దం వైపు పనిచేస్తాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

సంగీతం కోజీ కొండోది. మారియో చేసిన క్యోటో కంపెనీ నింటెండోలో 1984లో చేరాడు, అంటే ఏడాది అనుభవం. మారియో ఆడే నింటెండో యంత్రానికి శబ్దం చేయడానికి ఉన్నవి ఐదు దారులు. రెండు గరుకు గొంతులు, మెత్తగా ఉండే బేస్ గొంతు ఒకటి, ‘స్స్’ అనే చప్పుడు ఒకటి, రికార్డు చేసిన శబ్దం ముక్కలు వాయించేది ఒకటి. మారియోలో ఆ ఐదోది వాడలేదు. నాలుగే. రాగం ఒక గొంతుకి, దానికి తోడు ఇంకో గొంతుకి, కింద బేస్, వెనక ‘స్స్’ చప్పుడుతో దరువు.

ఇందులో ఇంకో చిక్కు. మారియో ఎగిరినప్పుడు, నాణెం తీసుకున్నప్పుడు వచ్చే శబ్దాలు కూడా ఆ గొంతుల్లోంచే రావాలి. ఆ శబ్దం మోగినంతసేపు పాటలో ఒక గొంతు ఆగిపోతుంది. అంటే ఆడేవాడు బటన్ నొక్కిన ప్రతిసారీ పాటలో చిన్న రంధ్రం పడుతుంది. కొండో దీన్ని తెలుసుకుని రాశాడు. నడక, ఎగరడం, దూకడం ఏ వేగంతో ఉంటాయో చూసి, దానికి కుదిరేదాకా పాటని మార్చాడు. అందుకే మీకు విసుగు రాలేదని నా నమ్మకం. పాట ఒక్కటే అయినా మీ అబ్బాయి చేతులు దాన్ని ప్రతిసారీ కొత్తగా వాయించాయి. ఆటలో మిగిలిన టైమ్ 100కి వచ్చేసరికి పాట వేగం పెరుగుతుంది కదా, అప్పుడు వంటింట్లో మీకు కూడా టెన్షన్ వచ్చే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పాతరికార్డు గారు 700 గంటలు అన్నారు. ఆ గంటలన్నీ గడిచింది ఏ యంత్రం మీదో చెప్పలేదు. నాలుగు ట్రాకుల టేపు మిషన్, అంటే నాలుగు శబ్దాలను విడివిడిగా పట్టుకోగలిగేది. అక్కడా నాలుగే! నాలుగూ నిండిపోతే వాటిని కలిపి ఇంకో టేపు మీద ఒక ట్రాకుగా దించి, మిగిలిన ఖాళీలో కొత్తవి చేర్చేవాళ్లు. దించిన ప్రతిసారీ గరగర పెరుగుతుంది, పైగా కలిపేసినవాటిని మళ్లీ విడదీయలేరు. డ్రమ్స్ ఎంత గట్టిగా ఉండాలో మార్చిలో ఆలోచిద్దాం అంటే కుదరదు, జనవరిలోనే తేల్చుకోవాలి.

‘ఎ డే ఇన్ ది లైఫ్’ కోసం 40 మంది ఆర్కెస్ట్రాని 1967 ఫిబ్రవరి 10న పిలిచారు. ఆ పాట మధ్యలో 24 బార్ల (తాళం ఆవర్తాల) ఖాళీ వదిలి ఉంచారు. అక్కడ ఏం వస్తుందో రికార్డు చేసిన రోజు వాళ్లకే తెలియదు. వాళ్ల సహాయకుడు మాల్ ఎవన్స్ బార్లు లెక్కపెడుతుంటే ఆ గొంతు, చివర మోగిన అలారం గడియారం ఈరోజుకీ రికార్డులో వినిపిస్తాయి. ఆర్కెస్ట్రాకి చెప్పింది ఒక్కటే. మీ వాద్యంలో అన్నిటికంటే కింది స్వరంతో మొదలుపెట్టండి, 24 బార్లు అయ్యేసరికి పైకి చేరండి, పక్కవాణ్ని అనుసరించకండి. అలా నాలుగుసార్లు వాయించి ఒకదాని మీద ఒకటి వేశారు. అందుకు ఒక మిషన్ చాలలేదు. కెన్ టౌన్సెండ్ అనే ఇంజనీరు రెండు నాలుగు ట్రాకుల మిషన్లను కలిపి నడిపే ఉపాయం ఆ పూటకి కనిపెట్టాడు.

మారియోలో మబ్బులూ పొదలూ ఒకే బొమ్మ, రంగు ఒక్కటే తేడా. 40 కిలోబైట్లలో ఒక బొమ్మ మిగిలితే అక్కడ ఇంకోటి పెట్టొచ్చు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదటి వారం ఈ రెండూ చూపిస్తాను. మబ్బు–పొద, మిషన్–మిషన్. ఇప్పుడు మాకు ట్రాకులకు లెక్క లేదు. ఏది తీసేయాలో తెలియక రోజులు పోతున్నాయి.

ట్రినిటీతీరం | ఆదివారం, మధ్యాహ్నం 12:45

డల్లాస్ నుంచి. ఇక్కడ అర్ధరాత్రి దాటింది, ఈ చర్చ చదివాక నిద్ర రావడం లేదు.

నాకు రెండింటి మీదా అభ్యంతరం ఉంది. 1966లో బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’ లేకపోతే పెప్పర్ ఇలా ఉండేది కాదని బీటిల్స్‌లోని పాల్ మాకార్ట్నీ, నిర్మాత మార్టిన్ ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ పెట్ సౌండ్స్‌కి ప్రేరణ మళ్లీ బీటిల్స్ 1965 ఆల్బమే, అది వేరే సంగతి. ఈరోజు రేడియోలో వచ్చే సంగీతం పెప్పర్ పిల్లా అంటే కాదు అంటాను. జర్మనీలో డ్యుసెల్డార్ఫ్‌కి చెందిన ఎలక్ట్రానిక్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ సంతానం. 1977 నాటి వాళ్ల ‘ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్’ రాగాన్ని 1982లో న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’లోకి తెచ్చాడు, రోలండ్ 808 అనే డ్రమ్ మిషన్ దరువు పెట్టాడు. హిప్‌హాప్, టెక్నో ఎటు చూసినా ఆ దారే.

గేముల్లో నా వోటు ‘డూమ్’ అనే కాల్పుల ఆటకి. 1993 డిసెంబర్ 10. చేసిన ఊరు మెస్కీట్, మా ఇంటికి దగ్గరే. మొదటి తొమ్మిది స్టేజీలు ఉచితంగా పంచారు. స్టేజీలూ బొమ్మలూ శబ్దాలూ అన్నీ విడి ఫైల్లో పెట్టారు, ఎవరైనా మార్చుకునేలా. 1997లో కోడ్ కూడా ఇచ్చేశారు. ఆడేవాళ్లే చేసేవాళ్లయ్యారు. మారియో మనకు గొప్ప భోజనం పెట్టాడు, డూమ్ వంటిల్లు ఇచ్చింది.

వన్‌డాష్‌వన్ | ఆదివారం, మధ్యాహ్నం 1:10

డూమ్ మాట ఒప్పుకుంటాను అన్నా. కానీ కాలం చూడండి. 1983లో అమెరికాలో గేముల వ్యాపారం కుప్పకూలింది. అమ్ముడుపోని క్యాసెట్లను అటారీ అనే గేముల కంపెనీ వాళ్లు న్యూ మెక్సికోలోని అలమోగోర్డోలో గొయ్యి తీసి పాతిపెట్టారు. 2014లో తవ్వితే దొరికాయి కూడా. టీవీకి పెట్టుకునే గేమ్ అంటే దుకాణాల వాళ్లు మొహం తిప్పుకునే రోజుల్లో నింటెండో 1985 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో అడుగుపెట్టింది. మారియో ఆ నమ్మకాన్ని తిరిగి తేకపోతే తర్వాత వంటిల్లు కట్టడానికి స్థలం ఉండేదా?

నల్లమలఅమ్మాయి | ఆదివారం, సాయంత్రం 5:30

మీరంతా లండన్, క్యోటో, టెక్సాస్ తిరిగారు. మా ఇంట్లోకి ఏది వచ్చిందో నేను చెప్తాను.

మాది కర్నూలు జిల్లాలో చిన్న ఊరు. బీటిల్స్ రికార్డు నేను ఇంజనీరింగ్‌లో చేరేదాకా వినలేదు, పేరు మాత్రం జీకే పుస్తకంలో చదివాను. మారియో మాత్రం నా తొమ్మిదో ఏట వచ్చాడు. మామయ్య కర్నూలు నుంచి తెచ్చిన వీడియో గేమ్. డబ్బా మీద ఎక్కడా నింటెండో పేరు లేదు. అది అసలుది కాదని నాకు పెద్దయ్యాక తెలిసింది. కొన్న కొట్టువాడు ‘ఇందులో వేల గేములున్నాయి’ అన్నాడట. చూస్తే పదో పదిహేనో, మిగతావన్నీ అవే పేరు మార్చి పెట్టినవి. పాపం మామయ్య చాలా బాధపడ్డాడు, తనని మోసం చేశారని. మాకు మాత్రం ఆ పదిహేనే సముద్రం.

టీవీ వెనక యాంటెన్నా వైరు తీసి దాని వైరు పెట్టి, చానల్ తిప్పుతూ పోతే మసక గీతల్లోంచి నీలం ఆకాశం తేలేది. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. క్యాసెట్ పనిచేయకపోతే తీసి ఊది మళ్లీ పెట్టేవాళ్లం. అడాప్టర్ కాలిపోతోందని అమ్మ అరిచేది. ఇంగ్లిష్ మా ఇంట్లో ఎవరికీ రాదు. ఎలా ఆడాలో చెప్పే కాగితం కూడా డబ్బాలో లేదు. అయినా నేనూ మా చెల్లీ నాలుగో ప్రపంచం దాకా వెళ్లాం.

వన్‌డాష్‌వన్ గారు రాసిన మొదటి స్టేజీ పాఠం చదివి నాకు కళ్లు చెమర్చాయి. మాకు నేర్పించింది ఎవరో ఇప్పుడు తెలిసింది. అక్షరం అవసరం లేకుండా చేశారు కాబట్టే ఆ ఆట మా ఊరిదాకా రాగలిగింది. పెప్పర్‌కి ఆ వీలు లేదు. దానికి అట్ట వెనక అచ్చేసిన సాహిత్యం చదవగలగాలి.

స్వరజతి | ఆదివారం, సాయంత్రం 6:15

నల్లమలఅమ్మాయీ, ఎంత బాగా చెప్పావమ్మా. ఒక్క మాట మాత్రం చేరుస్తాను. నా క్లాసులో తాళం వేసిన ఆ ఇద్దరు పిల్లలకూ ఆ పాట మాటలు ఒక్కటి కూడా అర్థం కాలేదు.

చిత్రకూటం | ఆదివారం, సాయంత్రం 6:40

ఇక్కడ చెప్పదగ్గ వివరం. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు కాపాడుకోవలసిన ధ్వనుల జాబితా ఒకటి నడుపుతారు. పెప్పర్ 2003లో అందులో చేరింది. మారియో పాట 2023లో చేరింది, ఒక గేమ్ సంగీతం చేరడం అదే మొదలు. రెండూ ఇప్పుడు ఒకే అలమరాలో ఉన్నాయి. పెప్పర్ వచ్చిన 36 ఏళ్లకు చేరింది, మారియో 38 ఏళ్లకు. దాదాపు ఒకే వయసు. గేములు ఇంకా చిన్నపిల్లల వ్యవహారం అనుకునే వాళ్లకు ఈ లెక్క చూపించాలి.

పాతరికార్డు | ఆదివారం, రాత్రి 9:50

ఈరోజు మధ్యాహ్నం తమ్ముడు పంపిన మారియోని అమ్మకి ఇచ్చాను. ఆమెకి 61. ఇలాంటిది చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు. నేను ఏమీ చెప్పకూడదని ముందే అనుకున్నాను. కుడికి నడిచింది. గోంబా తగిలి చచ్చిపోయింది. ‘అయ్యో’ అంది. రెండోసారి ఎగిరింది, నాణెం వచ్చింది. మూడో ప్రయత్నంలో పుట్టగొడుగు వచ్చింది, తప్పించుకోబోయింది. అది పైపుకి కొట్టుకుని తిరిగొచ్చి తగిలింది. మారియో పెద్దవాడయ్యాడు. అమ్మ నా వైపు తిరిగి ‘ఇది నాకోసమే వెనక్కి వచ్చిందా?’ అని అడిగింది.

నేను ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు పెప్పరే అని గట్టిగా ఉన్నాను. సంగీతంలో నా మాట మారలేదు. క్రాఫ్ట్‌వెర్క్ విషయంలో ట్రినిటీతీరం గారి వాదనకి నా దగ్గర సరైన జవాబు లేదు, వినాలి. కానీ రెండిట్లో ఎక్కువ మార్చింది ఏది అంటే, మా అమ్మ ప్రశ్న విన్నాక నా వోటు తమ్ముడి వైపు వెళ్లింది. నాలుగు ట్రాకుల మీద ఆ నలుగురు ఎంత గొప్ప పని చేసినా, అది వాళ్లు చేశాక మనం వినేది. అక్కడ క్యోటోలో లెక్కేసింది, ఎప్పుడూ చూడని ఒక మనిషి నాలుగో సెకనులో ఏం చేస్తుందో.

తమ్ముడూ, మరి నీ వంతు. పెప్పర్ పూర్తిగా, మధ్యలో ఆపకుండా వినమన్నాను. విన్నావా? మోనో వెర్షన్, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వచ్చేది, వినమన్నాను గుర్తుందిగా. బీటిల్స్ దగ్గర కూర్చుని కలిపించుకున్నది అదే. స్టీరియోది తర్వాత వాళ్లు లేకుండా కొద్ది రోజుల్లో చేశారు.

వన్‌డాష్‌వన్ | సోమవారం, రాత్రి 12:20

విన్నాను అన్నయ్యా. లైట్లు తీసేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. చివరి పాటలో ఆర్కెస్ట్రా పైకి లేచేటప్పుడు లేచి కూర్చున్నాను. బిట్లూబైట్లూ గారు ముందే చెప్పినా ఆపుకోలేకపోయాను.

ఒక సందేహం. అన్నీ అయిపోయాక పియానోల మీద ఒక పెద్ద శ్రుతి కొట్టి వదిలేస్తారు కదా, అది మెల్లగా తగ్గుతూ తగ్గుతూ పోతుంటే, చివర్లో ఎవరో కుర్చీ కదిపినట్టు కిర్రుమని వినిపించింది. అది రికార్డులోదేనా, మా ఇంట్లోదా?

పాతరికార్డు | సోమవారం, రాత్రి 12:24

రికార్డులోదే. శబ్దం తగ్గేకొద్దీ ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ మైకుల వాల్యూం పెంచుతూ పోయాడు, ఆ శ్రుతిని ఎంతసేపు నిలపగలిగితే అంతసేపు నిలపాలని. ఆఖరికి గదిలో ఊపిరి తీసుకున్నా పట్టేసేంత పెంచాడు. కుర్చీ దొరికిపోయింది.

రేపు మళ్లీ విను. దానికి కొంచెం ముందు ఇంకో చిన్న అలికిడి ఉంటుంది.